ఏ లోటూ లేకున్నా మనసు కుంగుతుంటే: ఎక్కడ మొదలుపెట్టాలి, ఏ వరసలో పోవాలి

హన్మకొండలో సొంతిల్లు ఉంటుంది. నెల తిరిగేసరికి జీతమో పింఛనో పడుతుంది. పిల్లలు హైదరాబాద్‌లోనో డల్లాస్‌లోనో స్థిరపడ్డారు. అప్పుల్లేవు, పంచాయితీలు లేవు. అయినా పొద్దున కళ్లు తెరవగానే ఛాతీ మీద బియ్యం బస్తా పెట్టినట్టుంటుంది. ఎవరికన్నా చెబితే వచ్చే మాట ఒక్కటే: "నీకేం తక్కువైందని?" దానికి మీ దగ్గర జవాబు ఉండదు. జవాబు లేదు కాబట్టి తప్పు నాదేనన్న లెక్కకు వస్తారు, రెండోసారి ఎవరికీ చెప్పరు.

మన దగ్గర 'రంది' అనే మాట ఉంది. రందికి ఒక పేరుంటుంది. పత్తికి ధర రాలేదనో, బిడ్డకు సంబంధం కుదరలేదనో. ఆ పని తేలితే రందీ తీరుతుంది. డిప్రెషన్ అలా కాదు. ఒక్కోసారి కారణంతో వస్తుంది, ఒక్కోసారి కారణం లేకుండానే వచ్చి కూర్చుంటుంది. తల్లికో తండ్రికో తోబుట్టువుకో ఇది ఉంటే మీకు వచ్చే అవకాశం రెండు మూడు రెట్లు పెరుగుతుంది. ఇంట్లో పెద్దవాళ్లను అడిగి చూడండి. "మీ మేనత్త ఆర్నెల్లు మాట్లాడుడు బంద్ జేసింది", "మీ తాత ఊకె మంచం పట్టిండు", "గాలి సోకిందన్నరు" లాంటి ముచ్చట ఒకటి బయటికి రావచ్చు. అప్పుడు దానికి పేరు పెట్టినవాళ్లు లేరు, అంతే.

కాబట్టి మంచం మీద పడుకుని "ఎందుకు, ఎందుకు" అని తవ్వుకోవడం ముందు ఆపాలి. అలా తవ్వినకొద్దీ బరువు పెరుగుతుంది, కారణం మాత్రం దొరకదు. వెతకాల్సింది కాగితం మీద, రక్తంలో. వరస ఇది.

ముందు రెండు వారాల లెక్క

డాక్టర్లు వాడే తొమ్మిది ప్రశ్నల పట్టీ ఒకటుంది, పేరు పీహెచ్‌క్యూ-9. గడిచిన రెండు వారాల్లో ఈ కింది ఒక్కొక్కటి ఎన్ని రోజులు ఇబ్బంది పెట్టిందో చూసుకోవాలి. అసలు లేకపోతే 0, కొన్ని రోజులు ఉంటే 1, సగానికి పైగా రోజులు ఉంటే 2, దాదాపు రోజూ ఉంటే 3.

1. ఏ పని మీదా ఆసక్తి లేకపోవడం, ఇష్టమైనది చేసినా సంతోషం కలగకపోవడం
2. దిగులు, నిరాశ
3. నిద్ర పట్టకపోవడం, మధ్యలో తెగిపోవడం, లేదా మితిమీరిన నిద్ర
4. నీరసం, ఒంట్లో సత్తువ లేకపోవడం
5. ఆకలి చచ్చిపోవడం, లేదా అదే పనిగా తినడం
6. నేను పనికిరానివాణ్ని, ఇంటివాళ్లకు తలవంపులు తెచ్చానన్న భావన
7. పేపర్ చదవడం, టీవీ చూడడం వంటి వాటి మీద కూడా మనసు నిలవకపోవడం
8. ఎదుటివాళ్లు గమనించేంతగా మాట, నడక మందగించడం, లేదా ఒకచోట కూర్చోలేకపోవడం
9. బతకడం కన్నా పోవడం మేలనో, ఒంటికి ఏమన్నా చేసుకోవాలనో అనిపించడం

అన్నింటికీ 3 వేస్తే మొత్తం 27 అవుతుంది. 5 నుంచి 9 వస్తే తేలికపాటిది, రెండు వారాల తర్వాత మళ్లీ చూడండి. 10, ఆపైన వస్తే డాక్టర్‌ను కలవాలి. 15, ఆపైన వస్తే ఈ వారంలోనే కలవాలి. 20, ఆపైన తీవ్రమైనది. ఈ పట్టీ జబ్బును తేల్చదు, డాక్టర్ దగ్గరికి పోవాలో వద్దో తేలుస్తుంది.

సుఖంగా బతుకుతున్నవాళ్లు ఇక్కడ ఒక తప్పు చేస్తారు. "నాకన్నా కష్టాల్లో ఉన్నవాళ్లు ఎంతమంది లేరు" అనుకుని 3 వేయాల్సిన చోట 1 వేస్తారు. ప్రశ్న అడిగేది రోజుల సంఖ్య. మీకు ఆ బాధపడే హక్కు ఉందా లేదా అన్నది ఆ పట్టీలో లేదు. ఇంకో తప్పు, రోజూ లెక్కేసుకోవడం. రెండు వారాలకు ఒకసారి చాలు.

మొదటి ప్రశ్న ఒక్కటి దగ్గరగా చూడండి. ఏడుపు రావడం లేదు కాబట్టి ఇది డిప్రెషన్ కాదని చాలామంది అనుకుంటారు. ఏడుపు రాకుండానే, ఇష్టం ఒక్కటే పోవచ్చు. బతుకమ్మ పండక్కి ఎంగిలిపూల నాడు మొదలై సద్దుల దాకా తొమ్మిది రోజులూ ఇల్లంతా తానై తిరిగే మనిషి, ఈసారి గునుగు కట్టలకు రంగు అద్దుతూ మధ్యలో ఆగిపోతుంది. తంగేడు పూలు వాకిట్లో వాడిపోతుంటాయి. బతుకమ్మ పేరుస్తుంది, చీర కట్టుకుంటుంది, చెరువు దాకా పోతుంది, చప్పట్లూ కొడుతుంది. లోపల మాత్రం ఏమీ కదలదు. చూసేవాళ్లకు ఏ తేడా కనిపించదు. ఆమె మొదటి ప్రశ్నకు 3 వేసుకోవాలి.

పెద్ద వయసువాళ్లు దిగులని చెప్పరు. గ్యాస్, నడుము నొప్పి, తల బరువు, కాళ్లు గుంజడం అంటారు. ఆర్‌ఎంపీ దగ్గర గ్లూకోజ్ బాటిల్ ఎక్కించుకుంటారు, రెండు రోజులు బాగున్నట్టే ఉంటుంది. నోటితో తిని తాగగలిగే మనిషికి ఆ బాటిల్‌లో ఉన్నది నీళ్లూ చక్కెరా మాత్రమే. మూడు నెలల్లో మూడు బాటిళ్లు ఎక్కించుకున్నవాళ్లు ఈ పట్టీ నింపి చూడాల్సిందే.

తొమ్మిదో ప్రశ్నకు సున్నా రాకపోతే

మిగతా మొత్తం ఎంతన్నది పక్కన పెట్టండి. 1 వచ్చినా ఈ రోజే ఒక మనిషికి చెప్పాలి. 14416కు ఫోన్ చేయండి. ఇది టెలి మానస్, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో మొదలుపెట్టిన ఉచిత సేవ. రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. అది కలవకపోతే 1800 891 4416. ఎప్పుడు, ఎలా అన్న ఆలోచన దాకా వచ్చి ఉంటే ఫోన్‌తో ఆగొద్దు, ఎవరినన్నా వెంటబెట్టుకుని దవాఖానకు పోవాలి. వరంగల్‌లో ఉంటే ఎంజీఎం అత్యవసర విభాగానికి. బండి దొరక్కపోతే 108.

ఇంట్లోవాళ్లు చేయాల్సిన పని ఇంకొకటి ఉంది. చేలకు కొట్టే మందు డబ్బాలు, మిగిలిపోయిన గోలీల డబ్బా ఆ మనిషికి అందకుండా తీసేయాలి. ఇంట్లోనే చోటు మారిస్తే చాలదు, కొన్నాళ్లు వేరేవాళ్ల ఇంట్లో, తాళం కింద పెట్టండి. ఆ తలపు చాలాసార్లు ఉద్ధృతంగా వచ్చి కొద్దిసేపట్లో తగ్గుతుంది. ఆ కాసేపు చేతికి ఏదీ అందకపోవడమే ప్రాణం నిలబెడుతుంది. "చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టదు. అడిగినందుకు చాలామంది ఊపిరి పీల్చుకుంటారు.

రక్తంలో వెతకండి

డిప్రెషన్‌లాగే కనిపించే శరీర జబ్బులున్నాయి. ఒకసారి పరీక్ష చేయించుకుంటే ఆ అనుమానం తీరుతుంది. అడగాల్సినవి: టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), హీమోగ్లోబిన్‌తో కూడిన సీబీపీ (రక్తకణాల లెక్క), విటమిన్ బీ12, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగరు సగటు). పీహెచ్‌సీల్లో, బస్తీ దవాఖానల్లో రక్తం ఇస్తే తెలంగాణ డయాగ్నస్టిక్స్ కింద చాలా పరీక్షలు ఉచితంగా చేస్తారు. అవి ఏవో అక్కడ అడగండి.

థైరాయిడ్ తక్కువైతే నీరసం, మందకొడితనం, బరువు పెరగడం, దిగులు అన్నీ కలిసి వస్తాయి. థైరాయిడ్ గోలీ ఇప్పటికే వేసుకుంటుంటే ఆ రోజు రక్తం ఇచ్చాకే వేసుకోండి. జుట్టు రాలుతోందని బయోటిన్ వాడుతుంటే రెండు మూడు రోజుల ముందు ఆపండి, అది టీఎస్‌హెచ్ అంకెను తారుమారు చేస్తుంది. హీమోగ్లోబిన్ ఆడవాళ్లకు 12, మగవాళ్లకు 13 కన్నా తక్కువుంటే రక్తహీనత. బీ12 లోపం మాంసం ముట్టనివాళ్లలో, షుగరుకు ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వేసుకునేవాళ్లలో, పరగడుపున వేసే గ్యాస్ గోలీని అలవాటుగా వాడేవాళ్లలో ఎక్కువ. స్టెరాయిడ్ గోలీలు కూడా మనసును అటూ ఇటూ తిప్పుతాయి. రాత్రి గట్టిగా గురక పెట్టి, మధ్యలో ఊపిరి ఆగినట్టు అవుతుందని పక్కన పడుకున్నవాళ్లు చెబితే అదీ డాక్టర్‌కు చెప్పాలి.

రిపోర్టులన్నీ నార్మల్ వస్తే "చూసినవా, ఏం లేదు" అని ఇంట్లో అంటారు. ఏమీ లేదని దాని అర్థం కాదు. ఆ నాలుగు జబ్బులు కావని తేలిందంతే. మిగిలినది డిప్రెషనేమో చూడాలి.

నోటుబుక్‌లో ఏడు రోజులు

పిల్లలు సగం రాసి వదిలేసిన నోటుబుక్ ఒకటి తీసుకోండి. వారం పాటు గంటకో రెండు గంటలకో ఒక ముక్క రాయండి: ఏం చేశారు, బరువు ఎంత. బరువు 0 నుంచి 10. భావాలు వర్ణించొద్దు, డైరీ అసలే వద్దు. ఒక పేజీ ఇలా ఉంటే చాలు:

4:10 – మెలకువ. మళ్లీ పట్టలేదు. 9
7:30 – చాయ్. పేపర్ చేతిలో ఉంది, చదవలేదు. 8
11:00 – కరెంటు బిల్లు కట్టాను. 5
2:00–5:00 – మంచం మీద ఫోన్. 8
6:30 – పక్కింటాయన గేటు దగ్గర ఆగి పది నిమిషాలు మాట్లాడాడు. 4
9:00 – అన్నం సగం. 5

ఈ ఒక్క పేజీలోనే మూడు సంగతులున్నాయి. తెల్లారకముందే మెలకువ రావడం, పొద్దున ఎక్కువగా ఉండి సాయంత్రానికి తగ్గడం డాక్టర్‌కు పనికొచ్చే లక్షణాలు. "విశ్రాంతి" అనుకున్న మధ్యాహ్నపు మూడు గంటలు నిజానికి బరువు పెంచాయి. మాట్లాడబుద్ధి కాకపోయినా గేటు దగ్గరి పది నిమిషాలు తగ్గించాయి. ఇది పడుకుని ఆలోచిస్తే తెలిసే సంగతి కాదు. డిప్రెషన్‌లో ఉన్న మనసు "రోజంతా ఒకటే" అని చెబుతుంది. కాగితం చూస్తే రోజంతా ఒకటే లేదు.

తాగేది కూడా రాయండి, నిజం అంకె. క్వార్టర్ అయితే క్వార్టర్. మద్యం ఆ రాత్రికి నిద్ర పట్టించి, తెల్లవారుజామున నిద్ర తెంచి, మర్నాటి దిగులును పెంచుతుంది. రోజూ కల్లు తాగేవాళ్లు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. కల్తీ కల్లులో అల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ లాంటివి కలుపుతారు. దాన్ని, లేదా ఏళ్లుగా రోజూ తాగే మందును, ఒక్కసారిగా మానేస్తే వణుకు, పిచ్చి చూపులు, ఫిట్స్ రావచ్చు. డాక్టర్‌కు చెప్పి మెల్లగా మానాలి.

ఇంట్లో ఒకరికి చెప్పడం

అందరికీ చెప్పాల్సిన పని లేదు. ఒక్కరు చాలు. అన్నం తినేటప్పుడు, పెళ్లిళ్లకు పోయే తోవలో చెప్పొద్దు. ఇద్దరే ఉన్నప్పుడు చెప్పండి. అవతలివాళ్లు ముందుగా "నేనేం తక్కువ చేసిన?" అని నొచ్చుకుంటారు, కాబట్టి ఆ మాటకు జవాబు ముందే చెప్పేయాలి:

"నాకు నెల సంది మంచిగ అనిపిస్తలేదు. నిద్ర పడ్తలేదు, దేని మీద పానం పోతలేదు. నీ మీద కోపం గాదు, ఇంట్ల ఏం లోటు లేదు, గది నాకు తెలుసు. శుక్రవారం డాక్టర్ దగ్గరికి పోవాలె. నాతోని రా, పక్కన కూసుంటే చాలు."

ఇందులో చివరి మాట ముఖ్యం. చేయాల్సిన పని ఒకటి చేతిలో పెడితే సలహాలు తగ్గుతాయి.

డాక్టర్ దగ్గర

సైకియాట్రిస్ట్ అంటే ఎంబీబీఎస్ తర్వాత మానసిక వైద్యం చదివిన డాక్టర్, మందు రాస్తారు. క్లినికల్ సైకాలజిస్ట్ మాటలతో, పద్ధతి ప్రకారం చికిత్స చేస్తారు, మందు రాయరు. వాళ్లకు ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) రిజిస్ట్రేషన్ ఉండాలి, అడగడంలో తప్పు లేదు. కౌన్సెలర్ అని బోర్డు పెట్టుకున్న ప్రతి ఒక్కరికీ ఆ చదువు ఉండకపోవచ్చు, కాబట్టి చదువు అడిగే కూర్చోండి. వరంగల్‌లో కాకతీయ మెడికల్ కాలేజీకి అనుబంధమైన ఎంజీఎం దవాఖానలో మానసిక వైద్య విభాగం ఉంది. ఓపీ చీటీ తీసుకునేటప్పుడు "సైకియాట్రీ" అని చెబితే చాలు. అక్కడ తెలిసినవాళ్లు కనబడతారని భయపడి చాలామంది హైదరాబాద్ పోతారు. పోవచ్చు, కానీ రెండు వారాలకోసారి ఆ ప్రయాణం చేయలేక మధ్యలో ఆపేసేది కూడా వాళ్లే. నెలల తరబడి పోగలిగిన డాక్టర్‌నే ఎంచుకోండి.

వెంట తీసుకుపోవాల్సినవి: పీహెచ్‌క్యూ మొత్తం, నోటుబుక్, రక్తపరీక్షల కాగితాలు, ఇప్పుడు వేసుకుంటున్న గోలీల స్ట్రిప్పులు. పేర్లు గుర్తుంచుకోవడం కన్నా స్ట్రిప్పు చూపడం మేలు. "ఏం కష్టం?" అని అడగగానే "ఏం లేదు సార్, జర నీరసం" అనడం మనకు అలవాటు. ఆ మాట ఐదు నిమిషాలు మింగేస్తుంది. మొదటి వాక్యం రాసుకుని పోండి: "ఆరు వారాలుగా రోజూ దిగులు, నాలుగింటికే మెలకువ, పట్టీలో 16 వచ్చింది."

అడగకపోయినా చెప్పాల్సినది ఒకటుంది. గతంలో ఎప్పుడన్నా కొన్ని రోజులపాటు మూడు గంటల నిద్రతో అలసట లేకుండా, విపరీతంగా మాట్లాడుతూ, డబ్బు నీళ్లలా ఖర్చుపెట్టిన కాలం ఉందా? ఉంటే అది బైపోలార్ (దిగులు, అతి ఉత్సాహం మారిమారి వచ్చే జబ్బు) కావచ్చు, మందు వేరుగా ఉంటుంది. మామూలు డిప్రెషన్ గోలీ ఒక్కటే ఇస్తే మనిషి అటువైపు ఎగిరిపోయే ప్రమాదం ఉంది. కాన్పు అయి ఏడాది లోపైతే అదీ చెప్పండి.

రహస్యం గురించి భయం ఉంటే, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మీ వివరాలు గోప్యంగా ఉంచడం డాక్టర్ బాధ్యత. ఆరోగ్య బీమా ఉన్నవాళ్లు పాలసీ కాగితం కూడా చూసుకోండి, శరీర జబ్బులతో సమానంగా మానసిక జబ్బులకూ బీమా ఇవ్వాలని అదే చట్టం చెబుతోంది.

గోలీలు మొదలుపెట్టాక

తేలికపాటి డిప్రెషన్‌కు మాటల చికిత్స ఒక్కటే చాలవచ్చు. ఎక్కువుంటే సాధారణంగా ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రలిన్ వంటివి రాస్తారు. ఇక్కడే చికిత్స ఎక్కువగా చెడిపోతుంది. ఎందుకంటే ఇబ్బందులు ముందొస్తాయి, గుణం తర్వాత వస్తుంది. మొదటి వారం వికారం, తలనొప్పి, కాస్త గాబరా. గుణం కనబడడానికి రెండు నుంచి నాలుగు వారాలు, పూర్తిగా తెలియడానికి ఆరు నుంచి ఎనిమిది. పదో రోజున "ఉన్నది పోలేదు, కొత్తది వచ్చింది" అని ఆపేసినవాళ్లు చెడును మాత్రమే చూసి ఆపినట్టు. తిన్నాక వేసుకుంటే వికారం తగ్గుతుంది. ఆ మొదటి వారాల్లో, ముఖ్యంగా 25 ఏళ్ల లోపువాళ్లలో, చావు ఆలోచనలు పెరిగినట్టు కనిపిస్తే ఆ రోజే డాక్టర్‌కు ఫోన్ చేయాలి.

ఇవి అలవాటుపడే మందులు కావు. అలవాటుపడేది అల్ప్రాజోలం, క్లోనాజెపామ్ జాతి. నిద్రకోసం రాసినా రెండు నుంచి నాలుగు వారాలకు మించి, డాక్టర్ చెప్పకుండా, మెడికల్ షాపులో పాత చీటీ చూపించి కొనుక్కోవద్దు. నొప్పులకు ట్రమడాల్, రక్తం పలచబడే మందు, ఐబుప్రోఫెన్ లాంటివి వాడుతుంటే ముందే చెప్పాలి.

బాగైందని అనిపించాక కనీసం ఆరు నెలలు మందు కొనసాగుతుంది. ఆపేటప్పుడు డాక్టర్ మెల్లగా తగ్గిస్తారు. ఒక్కసారిగా ఆపితే తల తిరుగుడు, తలలో కరెంటు కొట్టినట్టు జివ్వుమనడం వస్తాయి. దాన్ని చూసి జబ్బు తిరగబెట్టిందనుకుంటారు.

మనసు రాకముందే చెప్పులు వేసుకోవడం

మనసు కుదిరాక పని చేద్దామనుకుంటే ఈ జబ్బులో ఆ రోజు రాదు. పని ముందు, మనసు వెనక. కొలత మాత్రం జాగ్రత్త. చేయగలననుకున్న దాంట్లో సగం పెట్టుకోండి. భద్రకాళి చెరువు కట్ట మీద రోజూ ఐదు కిలోమీటర్లని మొదలుపెట్టినవాళ్లు మూడో రోజు మానేసి, దానికి కూడా తమనే తిట్టుకుంటారు. మొదటి రెండు రోజులు చెప్పులేసుకుని గేటు దాకా. తర్వాత మూలమీది కిరాణా కొట్టు దాకా. వారం తర్వాత పది నిమిషాలు. వడ్డేపల్లి చెరువు కట్ట నెల తర్వాత చూసుకోవచ్చు. నోటుబుక్‌లో 4, 5 పడిన పనులను వెతికి, 8 పడిన గంటల్లో వాటిని పెట్టండి. ఆ పేజీలో అయితే మధ్యాహ్నం మూడింటికి పక్కింటాయన.

రాత్రి ఎప్పుడు పట్టినా పొద్దున లేచే గంట మారకూడదు. ఉద్యోగానికి రాజీనామా, ప్లాట్ అమ్మకం, విడిపోవడం లాంటి నిర్ణయాలు చికిత్స మొదలై మూడు నెలలయ్యే దాకా వాయిదా వేయండి. ఇల్లే ప్రమాదంగా మారి, కొట్టడం తిట్టడం ఉంటే మాత్రం ఆగాల్సిన పని లేదు.

ఇంట్లోవాళ్లు

"నీకేం తక్కువ", "ధైర్యంగ ఉండు", "ఊకె ఆలోచించకు" ఈ మూడూ మానండి. "డాక్టర్ తారీఖు ఎప్పుడు, నేనొస్త", "చాయ్ పెట్టిన, వచ్చి కూసో" చాలు. భద్రకాళి గుడికో కాజీపేట దర్గాకో పోదామంటే పోండి, తాయెత్తు కట్టించుకుంటే దాని మీద కొట్లాట వద్దు. డాక్టర్ తారీఖు మాత్రం వాటికోసం జరపొద్దు.

తగ్గుతున్నప్పుడు

చాలామందిలో నిద్ర, ఆకలి ముందు తిరిగొస్తాయి, ఇష్టం అన్నిటికన్నా ఆఖరున. అందుకే నిద్ర కుదిరినా "లోపల ఇంకా ఖాళీగానే ఉంది" అనిపిస్తుంది. మందు పనిచేయడం లేదనుకోవద్దు. తేడా మీకన్నా ముందు ఇంట్లోవాళ్లకు కనిపిస్తుంది, వాళ్లను అడగండి. రెండు వారాలకోసారి పీహెచ్‌క్యూ వేసుకుని తారీఖుతో రాయండి. 16 ఉన్నది 8కి దిగితే మందు సరిగా పడుతున్నట్టు. ఆరేడు వారాలైనా సగానికి దిగకపోతే మోతాదో మందో మార్చమని అడగాలి.

ఒకసారి వచ్చినవాళ్లలో సుమారు సగం మందికి మళ్లీ వచ్చే అవకాశం ఉంది. బాగున్న రోజుల్లోనే నోటుబుక్ ఆఖరి పేజీలో, మీకు అన్నిటికన్నా ముందు కనిపించిన గుర్తు ఏదో రాసిపెట్టండి. నాలుగింటికి మెలకువ కావచ్చు, పేపర్ మడత విప్పకుండా మూడు రోజులు టీపాయ్ మీద పడి ఉండడం కావచ్చు. కింద డాక్టర్ ఫోన్ నంబర్, 14416 రాసి, ఆ పేజీ ఎక్కడుందో మీరు ముందు చెప్పుకున్న ఆ ఒక్కరికి చూపించండి.